సబ్సిడీ డ్రిప్పు: నార్పల చీనీ తోటలో ఏడేళ్ల వాడకంపై సమీక్ష

అనంతపురం జిల్లా నార్పల మండలంలో మాకున్న నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోటకు 2018 జూన్‌లో సబ్సిడీ మీద బిందుసేద్యం పరికరాలు వేయించుకున్నాం. మా వైపు దాన్ని అందరూ డ్రిప్పు అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. ఏడేళ్లు వాడాక, మంచి వానలతోపాటు కరువునూ చూశాక, ఆ సామాను ఎలా పనిచేసిందో, దాన్ని మా పొలం దాకా తెచ్చిన పథకం ఎలా పనిచేసిందో రాయడం అవసరమనిపించింది. సామాను మంచిది, వేయించుకోదగినది. అయితే డ్రిప్పు వేసినంత మాత్రాన బోరులో నీళ్లు మిగులుతాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మా తోటలో మిగలలేదు. ఆ తప్పు పైపులది కాదు, ఒక చేత్తో పైపులకు సబ్సిడీ ఇస్తూ ఇంకో చేత్తో నీళ్లు తోడడానికి అంతకు ఎన్నో రెట్లు ఇచ్చే పద్ధతిది, ఆ పద్ధతికి అలవాటుపడిన మాది.

డ్రిప్పుకు ముందు మాది కాలువ పారకం. బోరు నీళ్లు తొట్టిలో పడి, అక్కడి నుంచి మట్టి కాలువ వెంట పోతుంటే, మా నాన్న చలికెపార పట్టుకుని పాదుకు పాదు మడవ తిప్పేవారు. ఎదిగిన చీనీ చెట్టు పాదు రెండంగుళాల లోతున నిండాలంటే ఆరు వందల లీటర్లకు పైగా కావాలి. కాలువ తాగేసిన నీళ్లు ఆ లెక్కలో లేవు. 2017 వేసవిలో బోరు గాలి పీల్చడం మొదలుపెట్టింది. పది నిమిషాలు నీళ్లు వస్తే పది నిమిషాలు ఆగేవి. ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఆరు వందల రూపాయల చొప్పున నెలన్నర కొన్నాం. అయినా నాలుగు వందల ముప్పై ఆరు చెట్లలో ముప్పై ఎనిమిది ఎండిపోయాయి. పదమూడేళ్లు పెంచిన చెట్టు ఆకు ముడుచుకుని, కాయ రాల్చుకుని, కొమ్మ కొసల నుంచి కిందికి ఎండుకుంటూ రావడం చూసినవారికి, మరుసటి సంవత్సరమే డ్రిప్పుకు ఎందుకు దరఖాస్తు పెట్టామో వేరే చెప్పనక్కరలేదు.

దరఖాస్తు పని అనుకున్నంత కష్టం కాలేదు. ఆంధ్రప్రదేశ్ సూక్ష్మసేద్య పథకం 2003లో మొదలైంది. దేశంలో ఇంత పెద్ద ఎత్తున ఒక రాష్ట్రం ఇలాంటి పనికి పూనుకోవడం అదే మొదలు. కేంద్ర పథకం కింద చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, మిగతావారికి 45 శాతం సాయం ఉంటుంది. దానికి రాష్ట్రం తన వాటా కలపడంతో మాకు అప్పట్లో 90 శాతం సబ్సిడీ వచ్చింది. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బోరుకు కరెంటు కనెక్షన్ ఉన్నట్టు రుజువు ఇచ్చాం. సర్వే చేసేవారు వచ్చి తోట కొలిచి, కాగితం మీద పైపుల నక్షా గీశారు. మొత్తం అంచనా లక్షా పది వేల రూపాయలు తేలితే మా వాటా పదకొండు వేలు కట్టాం. తొంభై తొమ్మిది వేలు నేరుగా కంపెనీకే వెళ్లాయి. రైతు చేతికి డబ్బు రాదు. ఆ ఏర్పాటు మంచిదే, డబ్బు దారి తప్పదు. అయితే రైతు పది వంతుల్లో ఒక వంతే కట్టే కొనుగోలుదారు కావడం వల్ల, తర్వాత సామాను చెడిపోయినప్పుడు అతని మాటకు కూడా ఆ ఒక వంతు విలువే ఉంటుందని మాకు ఆలస్యంగా తెలిసింది.

వచ్చిన సామాను సంగతి. ఇసుక ఫిల్టరు, దాని తర్వాత జాలీ ఫిల్టరు, ఎరువు కలపడానికి వెంచురి, నాలుగు గేటువాల్వులు, భూమిలో పాతిన పీవీసీ మెయిను, సబ్‌మెయిన్లు, చెట్ల వరుసకు రెండు పక్కలా పదహారు ఎంఎం లాటరళ్లు (నేల మీద పరిచే సన్న పైపులు), చెట్టుకు ఆరు డ్రిప్పర్లు, ఒక్కోటి గంటకు ఎనిమిది లీటర్లు వదిలేవి. లాటరల్ పైపు మీద ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 12786 అన్న అంకె అచ్చువేసి ఉన్నాయి. కొత్తగా తీసుకునేవారు చుట్ట విప్పకముందే ఆ అచ్చును చూసుకోవాలని నా మనవి. ఏడేళ్ల ఎండకు మా పైపు రంగు కాస్త పాలిపోయిందే గాని, ఎలుకలు, ఉడుతలు కొరికిన చోట్ల తప్ప ఎక్కడా చిట్లలేదు.

డ్రిప్పు పనితనం తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేవీ అక్కరలేదు, రెండు లీటర్ల ఖాళీ సీసా చాలు. ఎనిమిది లీటర్ల డ్రిప్పరు పావుగంటలో రెండు లీటర్లు ఇవ్వాలి. బిగించిన వారంలోనే ఫిల్టరుకు దగ్గరి చెట్టు కింద ఒక సీసా, వరుస చివరి చెట్టు కింద ఒక సీసా చిన్న గుంత తవ్వి పెట్టాను. పావుగంటకు మొదటిది అంచు దాకా నిండింది. చివరిది మూతి దగ్గర నాలుగు వేళ్ల వెలితితో ఆగింది. మా నాన్న ఆ సీసాను ఎండకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. నలభై ఏళ్లు మడవ కట్టిన మనిషికి, తోట చివరి చెట్టుకు మొదటి చెట్టుతో దాదాపు సమానంగా నీళ్లు అందడం అదే మొదటిసారి చూడటం. పారకంలో చివరి పాదుకు నీళ్లు చేరే వేళకు కరెంటు పోయేది. డ్రిప్పు చేసిన పెద్ద మేలు అదే. పొదుపు కంటే ముందు అది నీళ్లను సమంగా పంచుతుంది.

ఇంకో కొలత కూడా చెప్పాలి, ఎందుకంటే మిగతా లెక్కంతా దాని మీదే నిలబడుతుంది. రెండు వందల లీటర్ల డ్రమ్ము బోరు కింద పెడితే ఆ సంవత్సరం రెండు నిమిషాలకు నిండింది. అంటే నిమిషానికి వంద లీటర్లు, గంటకు ఆరు వేలు. ఎకరానికి ఒక వాల్వు చొప్పున తెరిస్తే నూట తొమ్మిది పాదులకు గంటకు ఐదు వేల రెండు వందల పైచిలుకు లీటర్లు పడతాయి. బోరుకు, డ్రిప్పుకు జోడీ సరిగ్గా కుదిరింది. ఇప్పుడిస్తున్న తొమ్మిది గంటల పగటి కరెంటును నాలుగు వాల్వులకు పంచితే, చెట్టుకు రోజుకు నూట ఎనిమిది లీటర్లు. ఎండాకాలంలో కాయ మీదున్న చీనీ చెట్టుకు ఇది మర్యాదైన తాగుడే. ఈ జోడీ కుదర్చడంలో మా నక్షా గీసిన కుర్రవాడు తన పని చక్కగా చేశాడు. పక్క తోటలో బోరు నీళ్లు కొలవకుండానే నక్షా గీయడంతో, వాల్వు తెరిస్తే చివరి మూడు వరుసలకు చుక్క రాలేదు. సంతకం పెట్టే ముందు ఆ డ్రమ్ము కొలత మీ కళ్ల ముందు జరిగిందో లేదో చూసుకోండి.

రెండో ఏడాది చివరికి సుద్ద సమస్య మొదలైంది. మా బోరు నీళ్లు ఉప్పదనం ఉన్న గట్టి నీళ్లు. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టినట్టే డ్రిప్పరు నోట్లోనూ కడుతుంది. అదే సీసా పరీక్ష 2020లో మళ్లీ చేస్తే చివరి చెట్టు కింద సగం దాటి కొంచెమే నిండింది. గుండుసూదితో పొడవవద్దని, అలా పొడిస్తే నోరు పెద్దదై ఆ చెట్టుకు ఎక్కువ, తర్వాతి చెట్టుకు తక్కువ పడుతుందని అప్పటికే రెండు వందల డ్రిప్పర్లు పాడుచేసుకున్నాక తెలిసింది. సరైన మందు ఆమ్లంతో శుద్ధి. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని నీళ్లలో పోసి (నీళ్లను ఆమ్లంలో పోయకూడదు, ముఖం మీదికి చిమ్ముతుంది) వెంచురి ద్వారా ఎక్కించి, లాటరల్ చివర నీళ్ల పీహెచ్ (ఆమ్లగుణం పెరిగేకొద్దీ తగ్గే అంకె) నాలుగుకు దిగాక మోటారు ఆపి, ఒక పగలూ రాత్రీ అలాగే వదిలి, మర్నాడు ఎండ్‌క్యాపులన్నీ (పైపుల చివరి మూతలు) తీసి కడిగేయాలి. మొదటిసారి కడిగినప్పుడు పైపుల చివర నుంచి పాల విరుగుడు లాంటి నీళ్లు పదిహేను నిమిషాలు వచ్చాయి. ఇప్పుడు ఆర్నెల్లకొకసారి చేస్తున్నాం, డ్రిప్పర్లు దారికొచ్చాయి.

సామాను ఇచ్చిన కంపెనీ సేవ మాత్రం నిరాశపరిచింది. అమ్మేటప్పుడు వారానికి రెండుసార్లు వచ్చిన మనుషులు, అధికారుల తనిఖీ పూర్తయి ఫొటో తీసుకున్న రోజు నుంచి కనిపించలేదు. ఆమ్ల శుద్ధి గురించి చెప్పింది కంపెనీ కాదు, ఉద్యాన శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా ఊరి పెద్దాయన. ఉచిత సేవ అందించాల్సిన కాలంలోనే జాలీ ఫిల్టరు లోపలి జల్లెడ చిరిగిపోతే, నాలుగు నెలల్లో పదకొండుసార్లు ఫోను చేసి, చివరికి అనంతపురంలో కొనుక్కున్నాం. ఆ జల్లెడ లేని నాలుగు నెలల్లో లోపలికి పోయిన ఇసుకే డ్రిప్పర్లను సగం చెరిపింది. అంచనా కాగితంలో లాటరల్‌కు వేసిన ధర కంటే అదే గుర్తున్న పైపు బయట దుకాణంలో తక్కువకు దొరకడం కూడా అప్పుడే గమనించాను. సబ్సిడీ సొమ్ములో కొంత భాగాన్ని ఐదేళ్ల సేవ పూర్తయ్యాక, రైతు సంతకం చూశాకే కంపెనీకి విడుదల చేస్తే ఈ బాధ చాలావరకు తీరుతుందని నా అభిప్రాయం.

ఎరువుల విషయంలో కొద్దిగా చెప్పి ముందుకు వెళ్తాను. వెంచురితో యూరియా, తెల్ల పొటాష్ ఇస్తున్నాం, కూలీ కలిసొచ్చింది. డ్రిప్పుకు అనువైన, నీళ్లలో పూర్తిగా కరిగే మిశ్రమ ఎరువులు ఖరీదైనవి. 45 కిలోల యూరియా బస్తా సబ్సిడీతో 270 రూపాయల లోపే దొరుకుతున్నప్పుడు రైతు చేయి దేని మీదికి పోతుందో ఊహించవచ్చు. ఇక్కడా ధరే రైతు చేత పని చేయిస్తుంది, సలహా కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. డ్రిప్పు వేసిన తర్వాత మాకు పారకంతో పోలిస్తే నీళ్లు మిగిలాయి, అందులో సందేహం లేదు. 2020 నుంచి వానలు కూడా బాగా పడ్డాయి. డ్రమ్ము డెబ్బై సెకన్లకే నిండేది. మిగిలిన నీళ్లను భూమిలో ఉండనిద్దామన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు. రావడానికి కారణం కూడా లేదు. కరెంటు బిల్లు లేదు, నీటికి ధర లేదు, మేం వదిలితే పక్క బోరు తోడుకుంటుంది. ఖాళీగా పడి ఉన్న రెండెకరాలు కళ్ల ముందున్నాయి. 2021లో బయట దుకాణంలో సొంత డబ్బుతో పైపులు కొని, ఆ రెండెకరాల్లో టిష్యూ కల్చర్ అరటి రెండు వేల నాలుగు వందల మొక్కలు పెట్టాం. ముదురు అరటికి ఎండాకాలంలో రోజుకు ఇరవై లీటర్ల దాకా కావాలి. అంటే ఆ రెండెకరాలకే రోజుకు నలభై ఎనిమిది వేల లీటర్లు. నాలుగెకరాల చీనీ కోసం మోటారు తోడేది యాభై నాలుగు వేలు. డ్రిప్పు మిగిల్చిన నీళ్లకు తోడు, వాన ఇచ్చిన నీళ్లను కూడా ఆ అరటికే అర్పించాం.

మొదటి గెలలు మంచి ధర పలికాయి. పిలక పంట కూడా నష్టపరచలేదు. అందుకే తప్పు చేస్తున్నామని తెలియలేదు. దానికి తోడు మోటారుకు ఆటో స్టార్టర్ ఉంది. కరెంటు వచ్చిన క్షణం దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది. ఒకనాటి సాయంత్రం పెద్దవాన పడి గనిమలు (పొలం గట్లు) తెగి పారుతుంటే, మర్నాడు పొద్దున గొడుగు వేసుకుని తోటకు వెళ్లాను. చెట్ల కింద మడమ మునిగే నీళ్లున్నాయి. ఆ నీళ్లలో మా డ్రిప్పర్లు బుడబుడమని బుడగలు తీస్తున్నాయి. కరెంటు వచ్చింది కాబట్టి మోటారు తిరుగుతోంది, అంతే. ఆపడానికి వెళ్లాలన్న తొందర కూడా నాకు కలగలేదు, ఎందుకంటే ఆపితే నాకు ఒక్క రూపాయి మిగలదు. నాలుగు వందల అడుగుల లోతు నుంచి తోడిన నీళ్లు వాన నీళ్లలో కలిసి వంకలోకి పోతున్నాయి. ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

2023 ఖరీఫ్‌లో వాన మొహం చాటేసింది. జిల్లాలో ఎక్కువ మండలాలను ప్రభుత్వం కరువు మండలాలుగా ప్రకటించింది. 2024 ఫిబ్రవరికి డ్రమ్ము నిండడానికి మూడున్నర నిమిషాలు పట్టేది. అరటిని వదిలేశాం. దాని మీద పెట్టిన పెట్టుబడిని కాపాడుకుందామని అంతకుముందే ఏడు వందల ఎనభై అడుగులు వేయించిన కొత్త బోరులో రాతిపొడి తప్ప తడి రాలేదు. అప్పు మాత్రం నిలిచింది. చీనీని బతికించుకోవడానికి మళ్లీ ట్యాంకర్లు పిలిచాం. ఈసారి ఐదు వేల లీటర్లు తొమ్మిది వందల రూపాయలు. డ్రిప్పు ఉన్న తోటలోకి ట్యాంకరు వచ్చిన రోజున మా చిన్నాయన, "ఇంత పైపు వేసుకుని కూడా బండి నీళ్లేనా నాయనా!" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. జవాబు వెతుక్కోవడానికి ఆ వేసవిలో కూర్చుని వేసిన లెక్కే ఇకపై రాసేది.

మా జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. మా కింద ఉన్నది గట్టి రాయి, పైన కొద్ది లోతు మాత్రమే మగ్గిన రాతిపొర. కురిసిన వానలో పదో వంతు భూమిలోకి ఇంకితే మేలే అనుకోవాలి. ఆ లెక్కన ఒక ఎకరం మీద పడిన వాన వల్ల భూగర్భంలోకి చేరేది సుమారు రెండు లక్షల ఇరవై వేల లీటర్లు. మా మోటారు చీనీకి రోజుకు తోడేది యాభై నాలుగు వేలు. అంటే ఒక ఎకరానికి ఏడాదంతా ఇంకిన నీటిని మేం నాలుగు రోజుల్లో తోడేస్తున్నాం. ఏడాదిలో రెండు వందల యాభై రోజులు నడిపితే కోటీ ముప్పై ఐదు లక్షల లీటర్లు. దాన్ని పూడ్చడానికి అరవై ఎకరాల మీద కురిసే వాన కావాలి. మాకున్నవి ఆరెకరాలు. మిగతా యాభై నాలుగు ఎకరాల వాన వాటా ఎవరిది? మెట్టలో వేరుసెనగ వేసుకునే వాళ్లది, బోరు వేసే స్తోమత లేని వాళ్లది. ఇది దొంగతనమని అనను గాని, పంపకం మాత్రం కాదు.

డ్రిప్పు గురించి ప్రచారంలో చెప్పని సంగతి ఒకటి కూడా ఈ లెక్కలో బయటపడింది. పారకంలో మట్టి కాలువ తాగిన నీళ్లలో కొంత మళ్లీ మా బోరు చుట్టుపక్కలే భూమిలోకి దిగేది. అది పూర్తిగా పోయిన నీరు కాదు. చెట్టు తాగి ఆకు ద్వారా ఆవిరి చేసిన నీరు మాత్రం తిరిగి రాదు. డ్రిప్పుతో ఇంకుడు తగ్గి, విస్తీర్ణం పెరిగి, ఆకుల ద్వారా ఆవిరయ్యేది ఎక్కువైతే, చుక్క చుక్కగా ఇచ్చినా భూగర్భానికి నష్టమే. డ్రిప్పు పొదుపు కావాలంటే విస్తీర్ణం పెరగకూడదు. ఈ షరతు దరఖాస్తు ఫారంలో ఎక్కడా లేదు.

ఇక ధర సంగతి. కడప జిల్లా మైదుకూరు వైపు కేసీ కాలువ కింద మా మేనమామ వాళ్లకు మూడెకరాల వరి మడి ఉంది. ఆ కాలువను పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది, 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. దాని కింద వరికి నీటితీరువా ఎకరానికి రెండు వందల రూపాయలు. 1990లలో పెంచిన రేటే ఇప్పటికీ నడుస్తోంది. ఎంత నీరు పారించినా ఎకరాన్ని బట్టే గాని కొలతను బట్టి కాదు. వరికి పన్నెండు వందల మిల్లీమీటర్ల నీరు అనుకుంటే ఎకరానికి నలభై ఎనిమిది లక్షల లీటర్లు, అంటే వెయ్యి లీటర్లకు నాలుగు పైసలు. మా బోరులో వెయ్యి లీటర్లకు నేను కట్టేది సున్నా. ట్యాంకరులో వెయ్యి లీటర్లకు నూట ఎనభై రూపాయలు. నాలుగు పైసలకు, సున్నాకు, నూట ఎనభైకి దొరుకుతున్నది ఒకే నీరు, రెండు పక్క జిల్లాల్లో. నీటి నిజమైన విలువ మా రైతులకు తెలియదనడం అన్యాయం. ట్యాంకరు ముందు నిలబడిన రోజున అందరికీ తెలుసు. తెలిసేసరికి చెట్టు ఎండటం మొదలవుతుంది, అదే బాధ.

సున్నా అన్నది నాకు మాత్రమే సున్నా. ఐదు హార్స్‌పవర్ల మోటారు గంటకు సుమారు నాలుగు యూనిట్లు కాలుస్తుంది. రోజుకు తొమ్మిది గంటలు, రెండు వందల యాభై రోజులు అంటే తొమ్మిది వేల యూనిట్లు. యూనిట్ ఖరీదు ఏడు రూపాయలుగా వేసుకుంటే ఏడాదికి అరవై మూడు వేల రూపాయలు ప్రభుత్వం నా ఒక్క మోటారు కోసం భరిస్తోంది. నీళ్లు పొదుపు చేయమని నాకు ఇచ్చిన డ్రిప్పు సబ్సిడీ తొంభై తొమ్మిది వేలు, అదీ ఏడేళ్లకొకసారి. నీళ్లు తోడమని ఇచ్చే సబ్సిడీ ఏడేళ్లలో నాలుగు లక్షల నలభై వేలు. ఈ రెండు సబ్సిడీలూ ఒకే రైతుతో మాట్లాడుతున్నాయి. ఒకటి ఒకసారి మెల్లగా పొదుపు చేయమంటుంది, రెండోది ప్రతి పొద్దున కరెంటు వచ్చిన క్షణాన తోడుకోమంటుంది. మా ఆటో స్టార్టర్ రెండో మాటే విన్నది.

ఇంతమాత్రాన ఉచిత కరెంటు తీసేయమని నేను అనడం లేదు. ఆ మాట అనేవాళ్లు మా వైపు వ్యవసాయం ఎరగనివాళ్లు. 1983లో హార్స్‌పవరుకు ఏడాదికి యాభై రూపాయల శ్లాబు విధానం వచ్చినా, 2004 మేలో ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం పడినా, దాని వెనుక ఒక న్యాయం ఉంది. కాలువ కింది రైతుకు ఆనకట్ట, కాలువ, తూము ప్రభుత్వమే కట్టి ఇస్తుంది. బోరు రైతు తన నీటిని తన అప్పుతో తవ్వుకుంటాడు, తప్పితే తనే మునుగుతాడు. అతనికి కరెంటు కూడా అమ్మితే రాయలసీమలో తోటలు ఉండవు. అదీగాక వరిని ప్రభుత్వం కేంద్రాలు పెట్టి కొంటుంది. చీనీకి కేంద్రం ఇచ్చే మద్దతు ధర లేదు. కాబట్టి సాయం తీసేయడం పరిష్కారం కాదు, సాయం ఇచ్చే తీరు మారాలి. పంజాబులో 2018లో ప్రయోగాత్మకంగా ఒక పద్ధతి పెట్టారు. రైతుకు ఇన్ని యూనిట్లని కోటా కట్టి, అందులో వాడకుండా మిగిల్చిన ప్రతి యూనిట్‌కు నాలుగు రూపాయలు అతని ఖాతాలో వేసేవారు. మాకు అలాంటిది ఉండి ఉంటే, ఆ వాన కురిసిన పొద్దున నేను మోటారు ఆపడానికి పరుగెత్తుకుంటూ వెళ్లేవాణ్ణి. ముప్పై ఆరు యూనిట్లు, నూట నలభై నాలుగు రూపాయలు. ఒక మనిషి గొడుగు వేసుకుని తోట దాకా నడవడానికి అది చాలినంత కారణం.

కొలత కూడా కొత్త కాదు. ఇరవై ఏళ్ల కిందట మా జిల్లాతోపాటు కర్నూలు, కడప జిల్లాల్లోనూ రైతుల యాజమాన్యంలో భూగర్భజల వ్యవస్థల పథకం నడిచింది. ఊళ్లో రైతులే వర్షమాపకం చూసి, బోర్లలో నీటిమట్టం తాడు వేసి కొలిచి, గోడ మీద అంకెలు రాసి, రబీకి ముందు ఎన్ని నీళ్లున్నాయో, ఏ పంట ఎన్నెకరాలు వేయవచ్చో లెక్కకట్టుకునేవారు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కొత్త బోరుకు అనుమతి తప్పనిసరి చేసింది. చట్టం చేయలేని పనిని ఆ గోడమీది అంకెలు కొంతవరకు చేశాయి. డ్రిప్పు సబ్సిడీ కోరే ప్రతి ఊరూ ముందుగా ఆ గోడ రాయాలని షరతు పెడితే, పైపులకు పెట్టే డబ్బుకు అర్థం ఉంటుంది.

తీసుకోబోయే వారికి నా సలహా ఇది. చీనీ, మామిడి, దానిమ్మ వంటి తోటలకు కళ్లు మూసుకుని తీసుకోండి. చెట్టు దక్కుతుంది, కూలీ దక్కుతుంది, రాత్రిపూట పాముల మధ్య మడవ కట్టే పని తప్పుతుంది. గట్టి నీళ్లయితే మొదటి ఏడాది నుంచే ఆమ్ల శుద్ధి చేయండి, రెండో ఏడాది దాకా మాలాగా ఆగవద్దు. జాలీ ఫిల్టరు జల్లెడ ఒకటి ఎక్కువ కొని ఇంట్లో పెట్టుకోండి. అడవి పందులు తిరిగే చోట లాటరళ్లను వేసవిలో చుట్టి చెట్టు మొదట్లో పెట్టడం మంచిది, నీటి కోసం అవి పైపును నమిలేస్తాయి. ఆటో స్టార్టర్ మాత్రం తీసేయండి. మేం 2024 వేసవిలో తీసేశాం. ఇప్పుడు మోటారు వేయాలంటే తోటకు నడిచి వెళ్లాలి. వెళ్లిన మనిషి ముందు పాదులో వేలు గుచ్చి తడి చూస్తాడు. వారంలో కనీసం ఒక రోజు వేయకుండానే తిరిగి వస్తున్నాం.

అదే భూమికి మళ్లీ సబ్సిడీ రావాలంటే ఏడేళ్లు ఆగాలన్న గడువు మాకు జూన్‌తో తీరింది. లాటరళ్లు, ఫిల్టరు మార్చుకోవడానికి మళ్లీ దరఖాస్తు పెట్టాం, ఈసారి వేరే కంపెనీకి. రైతు సేవా కేంద్రంలోని అమ్మాయి మా పాసుపుస్తకం చూసి, "మొత్తం ఆరెకరాలు ఉంది కదన్నా, అంతా రాసుకోండి" అంది. విస్తీర్ణం గడిలో నాలుగు అని రాయించాను. మిగిలిన రెండెకరాల్లో వాన మీద కంది వేశాం.